వంతుల పుస్తకంలో మొదటి వాక్యం

పొరపాట్లు అందరూ చేస్తారు. చేసిన పొరపాటుని నెల రోజుల పాటు రంగురంగుల స్లైడ్లతో సమర్థించి, వాదించి గెలిపించి, ఆపైన దాని సంగతంతా ప్రపంచంలో ఎవరూ ఎప్పటికీ తుడవలేని చోట స్వహస్తాలతో రాసిపెట్టడం మాత్రం అందరి వల్లా కాదు. నా వల్ల అయింది. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వినా నేనేమీ అనుకోను. మైకులో చదివితే విని చల్లపల్లి దగ్గర ఒక ఊరు ఊరంతా ఇదివరకే నవ్వింది. మీరు కొత్తగా నవ్వితే నాకు పోయే పరువేమీ మిగల్లేదు.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. విజయవాడ మొగల్రాజపురంలో కింద మందుల షాపు, పైన మా సాఫ్ట్‌వేర్ కంపెనీ. కంపెనీ అనగానే అద్దాల మేడ ఊహించుకోకండి. మా బాస్ ప్రసాద్ గారితో కలిపి ఏడుగురం. ఏసీ ఒకటే, అదీ ఆయన గదిలో ఉండేది. ఆయన తలుపు తెరిచినప్పుడల్లా మేమంతా అటు తిరిగి కూర్చునేవాళ్ళం.

ఒకరోజు ఆ తలుపు తోసుకుని వెంకట్రామయ్య గారు వచ్చారు. చల్లపల్లి దగ్గర ఒక ఊరి నీటి సంఘానికి ఆయన ప్రెసిడెంటు. కాలవకి నీళ్ళు తక్కువగా వదిలిన రోజుల్లో ఆ ఊరి రైతులు వంతులు వేసుకుంటారు. ఫలానా రోజు ఆరింటి నుంచి పదింటి దాకా ఫలానా వాళ్ళ చేలోకి నీళ్ళు, ఆ తర్వాత పక్కవాళ్ళకి. ఈ వంతులన్నీ ఒక పుస్తకంలో రాస్తారు. ఈ మధ్య ఆ పుస్తకంలో కొట్టివేతలు ఎక్కువైపోయాయి. కాలవ చివరి శివారు రైతుల పేర్లున్న పేజీలు తమంతట తామే మాయమైపోతున్నాయి.

"ఒకసారి రాస్తే మా తాత దిగొచ్చినా కొట్టెయ్యలేని పుస్తకం కావాలండీ మాకు," అన్నారాయన.

"బ్లాక్‌చెయిన్ అని ఉందండీ," అన్నారు మా బాస్. దాని గురించి ఆయనకు తెలిసింది ఆ ఒక్క ముక్కే.

మీకూ తెలియకపోతే ఇలా అనుకోండి. ఒకే పుస్తకం వెయ్యి మంది దగ్గర ఉంటుంది. ఒకరి పుస్తకంలో ఏది రాసినా అందరి పుస్తకాల్లోనూ పడుతుంది. ఒకడు తన కాపీలో కొట్టేసినా మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిది మంది దగ్గర అది అలాగే ఉంటుంది. అదే బ్లాక్‌చెయిన్. ఇలాంటి పుస్తకాలు రకరకాల ప్లాట్‌ఫాంల మీద నడుస్తాయి. వాటిలో ఏది వాడాలో తేల్చే పని బాస్ ఇద్దరికి అప్పజెప్పారు. ఒకణ్ణి నేను. రెండో మనిషి స్రవంతి.

స్రవంతి ఉయ్యూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది. పనిలో మా అందరికన్నా గట్టిది. ఏదైనా ఆలోచించేటప్పుడు తిరిగే కుర్చీలో కూర్చుని సగం అటు, సగం ఇటు మెల్లగా తిప్పుతూ ఉండేది. ఆ కుర్చీ ఆగిందంటే జవాబు దొరికిందన్నమాట. ఆమె ఆఫీసులో చేరిన రెండో నెల నుంచి నేను నా పని కన్నా ఆ కుర్చీనే ఎక్కువ గమనిస్తూ వచ్చాను. ఇంకా విడమరిచి చెప్పాలా? నాకు ఆమె అంటే ఇష్టం. చాలా ఇష్టం. ఆ సంగతి చెప్పడానికి నాకున్న ధైర్యం మాత్రం ఆవగింజలో అరభాగం.

పని అప్పజెప్పిన రెండో రోజే స్రవంతి నా సీటు దగ్గరికి కుర్చీ లాక్కుని వచ్చింది.

"కిరణ్ గారూ, ఇందులో పెద్ద తేల్చేదేం లేదండీ. సంఘం వాళ్ళ మధ్యే నడిచే ప్రైవేటు ప్లాట్‌ఫాం తీసుకుందాం. నిన్న వాళ్ళ ఊరెళ్ళి చూసొచ్చాను. వాళ్ళు గట్టు మీద నిలబడి, నీ వంతు నాకియ్యి, నా వంతు నువ్వు తీసుకో అని రోజూ మార్చుకుంటుంటారు. ఇద్దరూ ఒప్పుకుంటే మారేట్టు పెడదాం. ఎవరు మార్చారో మాత్రం చెరిగిపోకుండా ఉంటుంది. సరిపోద్ది కదా?"

సరిపోతుంది. ఆమె చెబుతుండగానే నాకు అర్థమైంది. అందులో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. సరేనండీ అనడానికి నోరు తెరిచాను కూడా. అంతలో ఒక పాడు ఆలోచన వచ్చింది. ఇప్పుడు సరే అంటే పని ఇక్కడితో అయిపోతుంది. ఆమె కుర్చీ లాక్కుని తన సీటుకి వెళ్ళిపోతుంది. ఆ సీటు హాలుకి ఆ చివర, మధ్యలో ప్రింటరు. మళ్ళీ ఆమె నా దగ్గరికి ఎందుకొస్తుంది?

"నేనొప్పుకోనండీ," అన్నాను.

"ఎందుకని?"

ఎందుకో నాకూ తెలియదు. "రేపు చెప్తాను," అన్నాను.

ఆ రేపు నెల రోజులు సాగింది. ఆమె ప్రైవేటు అంది కాబట్టి నేను పబ్లిక్ అన్నాను. అంటే ప్రపంచంలో ఎవరైనా తెరిచి చదువుకోగలిగిన ప్లాట్‌ఫాం. రోజూ నాలుగింటికి కింద నుంచి అల్లం టీ వచ్చేది. టీ తోపాటు స్రవంతి వచ్చేది. కుర్చీ అటూ ఇటూ తిరిగేది. నా జీవితంలో అంత సుఖంగా గడిచిన నెల దానికి ముందూ లేదు, తర్వాతా లేదు.

"చల్లపల్లి పక్కన కాలవలో నీళ్ళు ఎవరు పెట్టుకున్నారో బ్రెజిల్ వాళ్ళకెందుకండీ?" అని అడిగేది.

"అందరూ చూస్తుంటే ఎవరూ మోసం చెయ్యరండీ. పారదర్శకత."

"మరి వంతు మార్చుకోవాలంటే?"

"మార్చకూడదు. అసలు దాని గొప్పే అది."

"కూతురి పెళ్ళి రోజున వంతు పడితే ఆ రైతేం చెయ్యాలి?"

"ముహూర్తం మార్చుకోవాలి," అన్నాను గంభీరంగా.

ఆమె నవ్వింది. టీ ఒలికేంతగా నవ్వింది. ఆ నవ్వు చూశాక మర్నాటికి అంతకన్నా తలతిక్క వాదన తయారు చేసుకుని రావడం నాకు వ్యసనమైపోయింది. ఒక్కోసారి ఆమె నా మొహంలోకి చూసి, "మీరు నిజంగానే ఇలా అనుకుంటున్నారా?" అని అడిగేది. అడిగి, జవాబు కోసం కాస్త ఎక్కువసేపే ఆగేది. అదే సమయమని నాకు తెలుసు. నేను మాత్రం, "ఇంకో పాయింటుందండీ," అనేవాణ్ణి. ఆలస్యం అమృతం విషం అంటారు. నేను రోజూ నాలుగింటికి అమృతం అనుకుని అల్లం టీలో ఆ విషమే తాగాను.

నెలాఖరున బాస్ ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. ఏసీ గాలికి మెదడు మొద్దుబారిందో ఏమో, నేను నలభై స్లైడ్లు చూపించాను. అందులో భూగోళం గిర్రున తిరుగుతుంది. దాని మీద చల్లపల్లి చుక్కలా మెరుస్తుంది. స్రవంతి ఒకే ఒక కాయితం తెచ్చింది. బాస్ భూగోళాన్ని చూశారు, కాయితాన్ని చూశారు.

"ఇంటర్నేషనల్‌గా ఉందయ్యా. కిరణ్‌దే ఖాయం," అన్నారు.

గెలిచాను. ఎందుకు గెలిచానా అని బెంగపడే లోపే ఆయన స్రవంతి వైపు తిరిగారు.

"ఎవరి ప్లాట్‌ఫాం ఓకే అయితే వాళ్ళు ఇక్కడ, రెండోవాళ్ళు వైజాగ్ అని ముందే అనుకున్నానమ్మా. అక్కడ మా బావమరిది ఆఫీసులో పనుంది. ఓపెనింగ్ అయిపోయాక, వచ్చే సోమవారం వెళ్ళి జాయినవ్వు."

చూశారా? ఆమె నా పక్కనుంచి లేవకూడదని నెల రోజులు వాదించి, ఆ వాదనతోనే ఆమెను మూడు వందల యాభై కిలోమీటర్ల అవతలకి పంపించాను. ఏ శత్రువూ నాకింత అపకారం తలపెట్టి ఉండడు. తలపెట్టినా ఇంత బాగా చెయ్యలేడు. స్రవంతి, "సరేనండీ," అంది. బయటికొచ్చాక నాతో, "కంగ్రాట్స్ కిరణ్ గారూ," అంది. ఎగతాళి లేదు, కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

ఆ సాయంత్రం ఆమె ఉయ్యూరు బస్సుకి వెళ్ళిపోయాక నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఓపెనింగ్ ఎల్లుండి. కొత్త పుస్తకంలో ఏదో ఒక వాక్యం రాసి, సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవాలి. మా వృత్తిలో దీనికి రెండు చోట్లుంటాయి. ఒకటి టెస్ట్‌నెట్, అంటే రిహార్సల్. అక్కడ ఏం రాసినా పట్టించుకునేవాళ్ళు లేరు. రెండోది మెయిన్‌నెట్, అంటే అసలు నాటకం. మామూలుగా అందరూ రిహార్సల్లో హలో అని రాసి చూసుకుంటారు. నా గుండె నిండా హలో కన్నా చాలా ఎక్కువ ఉంది. ఎలాగూ ఎవరూ చూడరు కదా అని తెలుగులో ఇలా కొట్టాను:

"స్రవంతి గారూ, మొదటి రోజు నుంచీ మీరు చెప్పిందే కరెక్టు. ఒప్పుకుంటే వాదన అయిపోతుందని, మీరు నా దగ్గరికి రావడం మానేస్తారని ఒప్పుకోలేదు. మీరు వైజాగ్ వెళ్ళొద్దు."

బటన్ నొక్కాను. తెర మీద రెండు కిటికీలు తెరిచి ఉన్నాయి. ఎడమది రిహార్సల్, కుడిది అసలుది. నేను నొక్కింది కుడిదాన్లో.

"శాశ్వతంగా నమోదైంది," అని చూపించింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. అడుసు తొక్కిన వాళ్ళకి కనీసం కాలు కడుక్కునే సౌకర్యముంది. నేను తొక్కిన అడుసు ఎన్ని నీళ్ళు పోసినా పోయేది కాదు. పోనీ ఆ పుస్తకాన్ని వదిలేసి, వేరే అడ్రసులో కొత్త పుస్తకం తెరుద్దామనుకున్నాను. అలా చెయ్యొచ్చు. అయితే మన వాళ్ళ సంగతి మీకు తెలియనిదేముంది? కార్యక్రమం ఉన్నా లేకపోయినా ఫ్లెక్సీ ముందు ఉండాలి. బాస్‌కి ఫోన్ చేశాను.

"సార్, ఆ పుస్తకం అడ్రసు మారుద్దామండీ."

"ఎలా మారుస్తావయ్యా? స్కాన్ చేసే కోడ్ ఫ్లెక్సీ మీద వేయించేశాను. వెంకట్రామయ్య గారు దండం పెడుతున్న ఫొటో పక్కనే వచ్చింది. వాళ్ళ ఊళ్ళో కట్టేశారు కూడా."

సరే, ఎంతమంది రైతులు స్కాన్ చేసి మొదటి వాక్యం దాకా వెతుక్కుని చదువుతారులే అని గుండె దిటవు చేసుకున్నాను. ఎవరూ చదవరు. ఎవరికి అవసరం?

కాలవ గట్టున షామియానా వేశారు. నూటయాభై మంది రైతులు, ఆడా మగా వచ్చి కూర్చున్నారు. మజ్జిగ గ్లాసులు తిరుగుతున్నాయి. స్రవంతి నాకు పని అప్పగించి పోవడానికి వచ్చింది. మజ్జిగ బల్ల దగ్గర నిలబడి ఉంది. బాస్ అరగంట మాట్లాడారు. భూగోళం గురించి కూడా చెప్పారు. అంతా సవ్యంగా అయిపోతోందనుకుంటుండగా వెంకట్రామయ్య గారు మైకు తీసుకుని, పాత వంతుల పుస్తకం పైకెత్తి చూపించారు.

"మేం పుస్తకం మొదలెట్టేటప్పుడు నాలుగు మూలలా పసుపు పెట్టి, మొదట శ్రీరామ అని రాస్తామండీ. అది లేకుండా ఒక్క వంతు కూడా రాయం. మీ దాన్లో మొదట ఏం రాశారు?"

ఇది నేను ఊహించలేదు. చిన్నప్పటి నుంచి ప్రతి పరీక్ష పేపరు మీదా శ్రీరామ చుట్టి మొదలుపెట్టిన వాణ్ణి, ఊహించలేదు.

"ఏదో టెస్టింగ్ కోసం అండీ," అన్నాను.

"టెస్టింగేంటయ్యా, శుభమా అని ఏదో ఒకటి ఉండే ఉంటుంది," అన్నారు బాస్ ధీమాగా. "మీరే చూడండి ప్రెసిడెంటు గారూ. మీ ఫోనులోనే వస్తుంది. అదే మరి పారదర్శకత అంటే."

వెంకట్రామయ్య గారు ఫ్లెక్సీ మీద తన ఫొటో పక్కనున్న కోడ్‌కి ఫోను పెట్టారు. కళ్ళజోడు సర్దుకున్నారు. మైకు చేతిలోనే ఉంది.

"స్ర... స్రవంతి గారూ," అని మొదలుపెట్టారు.

బడిపిల్లాడిలా ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చివరిదాకా చదివారు. వైజాగ్ వెళ్ళొద్దు అన్నది బాగా వినపడలేదేమోనని రెండుసార్లు చదివారు. నేను కాలవ వైపు చూశాను. దూకుదామంటే అందులో మోకాల్లోతు నీళ్ళు కూడా లేవు. ఉంటే ఈ వంతుల గొడవే రాదు కదా.

"స్రవంతంటే ఎవరమ్మా?" అని ముందు వరసలో ఒక పెద్దావిడ లేచి అడిగింది. అందరి తలలూ మజ్జిగ బల్ల వైపు తిరిగాయి. షామియానా అంతా ఒక్కసారి గొల్లుమంది. వెంకట్రామయ్య గారు మాత్రం నవ్వలేదు.

"ఆగండి. నవ్వులు తర్వాత," అన్నారు మైకులో. "బాబూ, ఆ అమ్మాయి చెప్పిందే కరెక్టని నువ్వే రాశావు కదా. మరి కరెక్టు కానిది మాకెందుకు పెట్టావు?"

దానికి జవాబు ఆ వాక్యంలోనే ఉంది. రెండోసారి చెప్పే ఓపిక నాకు లేదు.

"అమ్మా, నువ్వేం చెప్పావో అది చెప్పు," అని మైకు స్రవంతి చేతికి పంపించారు. ఆమె మొహం కందిపోయి ఉంది. అయినా వంతులు మార్చుకునే సంగతి నాలుగు ముక్కల్లో చెప్పింది. అదే మాక్కావలసిందని రైతులు ముక్తకంఠంతో అన్నారు. అది తయారయ్యేదాకా పాత పుస్తకమే వాడతామని అక్కడికక్కడే తీర్మానించి, కొత్తదాని కోసం పెట్టిన కొబ్బరికాయ పాతదానికి కొట్టేశారు.

వెళ్ళేటప్పుడు స్రవంతి మా కారెక్కలేదు. ఉయ్యూరు మీదుగా పోయే బస్సుంది, దాన్లో వెళ్తానంది. రోడ్డు మీద బస్సు ఆపి, ఎక్కబోతూ నా వైపు తిరిగింది.

"నాతో చెప్పొచ్చు కదండీ, కిరణ్ గారూ," అంది.

నేనేదో అనబోయాను. కండక్టరు రైట్ అన్నాడు. బస్సు కదిలింది.

బావమరిదికి మాటిచ్చేశానని బాస్ అనడంతో సోమవారం ఆమె వైజాగ్ వెళ్ళిపోయింది. బాస్ ఆమె కాయితంలో ఉన్న ప్రకారమే సంఘానికి పని చేసిచ్చారు. అది ఇప్పటికీ చక్కగా నడుస్తోంది. నేను వారం రోజులు సెలవు పెట్టాను. తర్వాత రాజీనామా పెట్టాను. ఆఫీసు గ్రూపులోంచి బయటికొచ్చాను. సిగ్గుతో ఫోను నంబరు కూడా మార్చేశాను. ఆ పబ్లిక్ పుస్తకాన్ని ఎవరూ వాడలేదు. నా వాక్యం ఒక్కటే అందులో అనాథలా పడి ఉందని తెలుసు. ఆ అడ్రసు నాకు కంఠతా వచ్చు. తెరిచి చూడడానికి మాత్రం చెయ్యి వచ్చేది కాదు.

అలా నాలుగేళ్ళు గడిచాయి. ఈ నాలుగేళ్ళలో సాయంత్రం నాలుగైతే ఎక్కడున్నా నాకు చెయ్యి ఊరుకోదు. ఎవరో కుర్చీ లాక్కుని వచ్చి కూర్చుంటారని పక్కన కాస్త చోటు చేస్తాను. ఎవరూ రారని తెలిసే చేస్తాను.

మొన్న వేసవిలో మైలవరం వైపు ఒక కాలేజీలో పిల్లలకి పాఠం చెప్పడానికి వెళ్ళాను. పాఠం ఏమిటంటే, ప్లాట్‌ఫాం ఎంచుకోవడం ఎలా. ఆ విషయం మీద నన్ను మించిన పండితుడు లేడని వాళ్ళకెలా తెలిసిందో తెలియదు.

"పబ్లిక్ ప్లాట్‌ఫాం మీద ఒకసారి రాస్తే దేవుడు కూడా తుడవలేడు," అన్నాను.

"ఒక ఎగ్జాంపుల్ చూపించండి సార్," అన్నాడు వెనక వరస కుర్రాడు.

అప్పటికి నాలుగేళ్ళయింది కదా, మానిన గాయమే కదా అనుకున్నాను. పేర్లు చెప్పకుండా, ఎవరో ఒక వెర్రివాడు ఒకసారి ఇలా చేశాడని కథంతా చెప్పాను. అరవై మందీ పడీ పడీ నవ్వారు. నవ్వుతుండగానే ఆ అడ్రసు కొట్టి, తెర మీద పెద్దగా వేశాను. నేను పిల్లల వైపు తిరిగి ఉన్నాను. నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగిపోతోంది.

"సార్, కింద ఇంకో లైనుందండీ," అంది రెండో వరసలో ఒకమ్మాయి.

వెనక్కి తిరిగి చూశాను. ఆ ఓపెనింగ్ అయిన తొమ్మిదో రోజున, రెండో తాళంతో ఎవరో రాశారు. ఆ పుస్తకంలో రాయడానికి రహస్య తాళాలు రెండే ఉండేవి, ఒకటి నాది, ఇంకోటి స్రవంతిది.

"కిరణ్ గారూ, మీ నంబరు పనిచెయ్యడం లేదు. మీరు అందరి ముందూ చెప్పారు కాబట్టి నేనూ ఇక్కడే చెప్తున్నాను. నేను ఓడిపోయినట్టు ఒప్పుకోను. మనం మళ్ళీ వాదించుకోవాలి. నాకు ఆదివారాలు సెలవు. పొద్దున్న బండెక్కితే మధ్యాహ్నానికి వైజాగ్ వచ్చేస్తారు."

"వెళ్ళారా సార్?" అని ఆ అమ్మాయే మెల్లగా అడిగింది. వెర్రివాడెవడో వాళ్ళకి అర్థమైపోయింది.

"ఇప్పుడే చూశానమ్మా," అన్నాను.

బయటికొచ్చి, నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి ప్రసాద్ గారికి ఫోన్ చేశాను. స్రవంతి ఎలా ఉందండీ అని అడిగాను.

"పోయిన శ్రావణంలో పెళ్ళయిందయ్యా. మంచి అబ్బాయి. కార్డు నీక్కూడా పంపింది. ఎక్కడున్నావో తెలియక నా దగ్గరే ఉండిపోయింది. మొదట్లో ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది, కిరణ్ గారు బయల్దేరారా అని. ఎక్కడికి బయల్దేరడమో నాకర్థమయ్యేది కాదు. నీకేమైనా తెలుసా?"

తెలియదండీ అన్నాను. నాలుగేళ్ళంటే రెండు వందల పైచిలుకు ఆదివారాలు. అన్ని ఆదివారాలూ నేను ఏం చేశానో గుర్తు చేసుకోబోయాను. నిద్రపోయాను. తొమ్మిది దాకా ముసుగు తన్ని, నా వాక్యాన్ని ఎవరూ చూడకుండా ఉంటే బాగుండునని మొక్కుకుంటూ నిద్రపోయాను.

కాబట్టి పాఠక మహాశయులారా, పంచభూతాల సాక్షిగా, కృష్ణమ్మ సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరు సరైన మాట చెప్పినా రెండో రోజే ఒప్పుకుంటాను. ఎక్కడ ఏం రాసినా మర్నాడు పొద్దున్నే వెళ్ళి, కింద ఎవరైనా జవాబు రాశారేమో చూసుకుంటాను. ఈ ప్రమాణాన్ని ఆ పుస్తకంలోనే మూడో లైనుగా రాసేద్దామని మొన్న కూర్చున్నాను. రాశాను కూడా. నొక్కే ముందు, ఆమె ఎప్పుడైనా తెరిచి చూస్తుందేమోనని ఆగాను. అక్కడ రాస్తే తుడవడానికి ఉండదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. కాయితమైతే చదివి చింపేసుకోవచ్చు.